పికప్ ముందు భాగాన్ని 2 అంగుళాలు లేపొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు. ఖాళీగా నిలబెడితే ముందు భాగం కిందికి వాలినట్టు కనిపిస్తోంది. 2 అంగుళాలు లేపే స్పేసర్ (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే మందపాటి ముక్క) కిట్ చూసుకున్నారు, కాస్త పెద్ద టైర్లు కూడా వేయాలని ఉంది. అప్పుడప్పుడు ట్రైలర్ లాగుతారు. వేస్తే బండి పాడవుతుందా, సొంతంగా బిగించుకోవచ్చా అని అడిగారు.

వేయొచ్చు. అయితే ట్రైలర్ లాగే బండికి 2 అంగుళాలు ఎక్కువని నా అభిప్రాయం. ఒక అంగుళం, మహా అయితే అంగుళంన్నర దగ్గర ఆగండి. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను. ఈ పని చేయించుకున్న చాలామందికి తాము ఏం పోగొట్టుకుని ఆ ఎత్తు సంపాదించారో తెలియదు. ఏడాది తర్వాత టైర్లు ఒకవైపు అరిగిపోయి, ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటపడ్డాక అప్పుడు వస్తారు.

ముందుగా ఆ వాలు సంగతి. పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎత్తుగా ఉండటం కంపెనీ కావాలని పెట్టిందే. వెనక బెడ్‌లో లోడు పడితే కమాను కట్టలు వంగి వెనక భాగం కూర్చుంటుంది, అప్పుడు బండి సమానంగా నిలుస్తుంది. ఖాళీ బండినే సమానం చేసేస్తే లోడు పడ్డ రోజున ముక్కు పైకి లేచి ఉంటుంది. ట్రైలర్ అయితే ఇంకా ఎక్కువ. దాని బరువు వెనక ఇరుసుకు ఇంకా వెనక పడుతుంది కాబట్టి వెనక నొక్కడంతో పాటు ముందు చక్రాల మీది బరువును కొంత తీసేస్తుంది కూడా. స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేకు వేసినప్పుడు ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. ఎప్పుడూ ఖాళీగానే తిరిగే బండికి ఇదంతా పెద్ద విషయం కాదు. మీ బండికి విషయమే.

కాబట్టి కిట్ కొనేముందు టేపు తీయండి. చదునైన నేల మీద, నాలుగు టైర్లలో సరైన గాలితో బండిని నిలబెట్టండి. వాలు కొలవడానికి చాలామంది మడ్‌గార్డ్ అంచులు చూస్తారు, అది మోసం చేస్తుంది. ముందు వెనక మడ్‌గార్డ్ కోతలు ఒకే ఆకారంలో ఉండాలని లేదు. ఛాసిస్ పట్టీ సమాంతరంగా పోయే చోట ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టుకుని నేల నుంచి వాటి ఎత్తు కొలవండి. అదీ అసలు వాలు. విడిగా, ప్రతి చక్రం దగ్గర హబ్ మధ్య నుంచి నేరుగా పైన మడ్‌గార్డ్ అంచు వరకు కొలిచి రాసిపెట్టుకోండి. ఇది పని ముందు, పని తర్వాత పోల్చుకోవడానికీ, ఎడమకూ కుడికీ తేడా తెలియడానికీ. టైరు సైజు మార్చినా, గాలి తగ్గినా ఈ కొలత మారదు. చాలా బండ్లు ఒకవైపు పావు అంగుళం దాకా దిగి ఉంటాయి. డ్రైవర్ సీటు, బ్యాటరీ, డీజిల్ ట్యాంకు ఏ వైపు ఉన్నాయన్న దాన్ని బట్టి అది వస్తుంది. రెండు వైపులా ఒకే మందం స్పేసర్ వేస్తే ఆ తేడా అలాగే ఉండిపోతుంది.

తర్వాత మీరు మామూలుగా మోసే లోడు వేసి, లేదా ట్రైలర్ తగిలించి, ఛాసిస్ గుర్తుల దగ్గర మళ్లీ కొలవండి. ఖాళీగా వాలు 2 అంగుళాలు ఉండి, ట్రైలర్ తగిలించాక అది అర అంగుళానికి తగ్గిందనుకోండి. ముందు 2 అంగుళాలు లేపితే, ట్రైలర్ ఉన్న ప్రతిసారీ బండి అంగుళంన్నర వెనక్కి వాలి నడుస్తుంది. అంగుళం లేపితే, ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం ముందుకు, ట్రైలర్‌తో అర అంగుళం మాత్రం వెనక్కి. కంటికి రెండోది కూడా బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు లేపడం ఎలా జరుగుతుందో చూద్దాం. హైలక్స్, రేంజర్, ఎఫ్-150 లాంటి వాటిలో ముందు రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. మధ్యలో షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ కాయిల్ స్ప్రింగ్. ఈ రెండూ కలిసిన దాన్నే స్ట్రట్ అంటాం. స్ట్రట్ కింది చివర లోయర్ ఆర్మ్ మీద మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం మాత్రం ఆర్మ్ కొసన ఉంటుంది. అందుకే స్ట్రట్ దగ్గర అంగుళం మారితే చక్రం దగ్గర అంగుళంన్నర నుంచి 2 అంగుళాల వరకు తేడా వస్తుంది. 2 అంగుళాల కిట్ పెట్టె తెరిస్తే లోపల అంగుళం మందం ముక్కే ఉందని కంగారు పడకండి. అది సరైనదే. దీన్ని పట్టించుకోకుండా 2 అంగుళాల మందం ముక్క పెట్టించుకుంటే 3 నుంచి 4 అంగుళాలు లేస్తుంది, డ్రైవ్ షాఫ్టులు దానికి తట్టుకోవు.

స్పేసర్లు రెండు రకాలు. రెండింటి స్వభావం పూర్తిగా వేరు.

మొదటి రకం స్ట్రట్ నెత్తిన, దానికీ ఛాసిస్‌లోని గిన్నెకూ మధ్య కూర్చుంటుంది. స్ట్రట్ విప్పదీయనక్కర్లేదు, స్ప్రింగ్ జోలికి పోనక్కర్లేదు. స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది, ఆర్మ్ కిందికి వంగుతుంది, బండి లేస్తుంది. నడక దాదాపు పాతలాగే ఉంటుంది. కానీ చక్రం గాలిలో వేలాడినప్పుడు ఆర్మ్ కంపెనీ పెట్టిన హద్దు దాటి ఇంకా కిందికి పోతుంది. అక్కడే మూడు భాగాల మీద ఒత్తిడి పడుతుంది: అప్పర్ ఆర్మ్ కొసన తిరిగే బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, బ్రేకు గొట్టం. కొన్ని బండ్లలో అప్పర్ ఆర్మ్ నేరుగా కాయిల్ స్ప్రింగ్‌కు తగులుతుంది. చక్రం పైకి వెళ్లే వైపున మరో సమస్య ఉంది. స్ట్రట్ కిందికి జరిగింది కాబట్టి షాక్ ముందుగానే పూర్తిగా ముడుచుకుపోతుంది. ఆపే రబ్బరు స్ట్రట్ లోపలే ఉంటే కదలిక కొంచెం తగ్గుతుంది, అంతే. ఆ రబ్బరు ఛాసిస్ మీద ఉండే బండ్లలో మాత్రం ఆర్మ్ రబ్బరును తాకేలోపే షాక్ లోపల ఇనుముకు ఇనుము కొట్టుకునే ప్రమాదం ఉంది. స్పేసర్ మందం పెరిగేకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది.

రెండో రకం స్ట్రట్ లోపల, స్ప్రింగ్‌కు పైనో కిందో పెట్టేది. స్ప్రింగ్‌ను ముందే కొంత నొక్కి ఉంచుతుంది. షాక్ పొడవు మారదు కాబట్టి ఆర్మ్ పాత హద్దు దాటి కిందికి పోదు, జాయింట్లకు ఆ కొసన కొత్త ఒత్తిడి ఉండదు. అయితే బండి ఇప్పుడు ఆ హద్దుకు చాలా దగ్గరగా నిలబడుతుంది. లెక్క కోసం చక్రానికి మొత్తం 8 అంగుళాల కదలిక, అందులో పైకి 4.5, కిందికి 3.5 అనుకుందాం. 2 అంగుళాలు లేపాక పైకి 6.5, కిందికి మిగిలేది 1.5 మాత్రమే. గుంతలో చక్రం దిగాలంటే ఆ 1.5 అంగుళాలే ఉంది. అది అయిపోగానే షాక్ లోపల చివరికంటా లాగి టక్కున తగులుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వినిపించే దెబ్బ అదే. స్ప్రింగ్ గట్టిపడిపోయింది కాబట్టి బండి ఎగురుతోందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగ్ గట్టిదనం మారలేదు, నొక్కి ఉంచినంత మాత్రాన మారదు కూడా. మారింది కిందికి మిగిలిన చోటు.

షాక్ ఒంటి మీద గాళ్లు ఉండి, స్ప్రింగ్ కూర్చునే పళ్లేన్ని కావలసిన గాడిలో పెట్టుకునే రకాలు కూడా దొరుకుతాయి. బిల్‌స్టీన్ 5100 ఆ కోవకు చెందినదే. ఇదీ రెండో పద్ధతే, కాకపోతే షాక్ కొత్తది, ఎత్తు మెట్లుమెట్లుగా మార్చుకోవచ్చు, ఎడమ కుడి తేడా కూడా సరిచేసుకోవచ్చు. మీ పాత షాకులు ఎలాగూ అరిగే దశకు వస్తే స్పేసర్ మీద పెట్టే డబ్బు ఇటు పెట్టండి. అన్నిటికన్నా మంచిది, ఆ ఎత్తుకే తయారైన పొడవైన స్ట్రట్‌తో పాటు కోణం సరిచేసిన అప్పర్ ఆర్ములు వేసుకోవడం. ఖర్చు చాలా ఎక్కువ. గుట్టలు మిట్టలు తొక్కే బండికైతే అదే దారి, రోడ్డు బండికి అంత అవసరం లేదు.

వేరే రకం బండ్లున్న వాళ్ల కోసం ఒక మాట. సిల్వరాడో 2500 హెచ్‌డీ లాంటి వాటిలో ముందు కాయిల్ ఉండదు, మెలితిరిగే టార్షన్ బార్ ఉంటుంది. సర్దుబాటు బోల్టు తిప్పితే బండి లేస్తుంది. ఇక్కడ కూడా బార్ గట్టిపడదు, కిందికి చోటు తగ్గుతుంది. ఆ బార్‌ను వదులు చేయడానికి దానికోసమే చేసిన పనిముట్టు వాడండి, మామూలు పుల్లర్ జారితే ఎముకలు విరుగుతాయి. ర్యామ్ 2500 ఫోర్ వీల్ డ్రైవ్, ఫోర్డ్ సూపర్ డ్యూటీ ఫోర్ వీల్ డ్రైవ్ లాంటి వాటిలో ముందు రెండు చక్రాలనూ కలిపే ఒకే నిండు ఇరుసు. కాయిల్ కింద లేదా పైన స్పేసర్ పెట్టేస్తే చాలు, అంగుళానికి అంగుళం లేస్తుంది. కానీ ఇరుసును పక్కలకు పోకుండా పట్టే ట్రాక్ బార్ కోణం మారి ఇరుసు మొత్తం ఒక పక్కకు జరుగుతుంది, స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది. పొడవు సర్దుకునే ట్రాక్ బార్ వేస్తే ఇరుసు మళ్లీ మధ్యకు వస్తుంది, స్టీరింగ్ లింకును కూడా సర్ది చక్రాన్ని నిటారు చేసుకోవాలి. టూ వీల్ డ్రైవ్ వాళ్లకు ముందు డ్రైవ్ షాఫ్టులు లేవు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

పెద్ద టైర్ల సంగతికి వస్తే, లేపితే టైరుకు చోటు దొరుకుతుందన్నది సగమే నిజం. మామూలు ఎత్తులో నిలబడినప్పుడు దొరుకుతుంది. గుంతలో పడి చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడు ఆర్మ్ తాకే చోటు మారకపోతే, అక్కడ టైరుకు ఉన్న చోటు పాతదే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం పైకి నొక్కుకుపోయినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కో, ఛాసిస్‌కో, బాడీ మౌంట్‌కో రాస్తుందా లేదా అన్నదే చూడాలి. రిమ్ బయటికి ఎంత వస్తుందన్నది కూడా ఎత్తు కన్నా ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

సొంతంగా చేసుకోవచ్చా అంటే, నెత్తిన పెట్టే స్పేసర్ అయితే పనిముట్లు, ఓపిక ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. స్ట్రట్ లోపల పెట్టేది మాత్రం వద్దు. నొక్కుకున్న కాయిల్ స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణం పోతుంది. దాన్ని గోడకు బిగించిన ప్రెస్ ఉన్న వర్క్‌షాపులోనే విప్పించండి. మీరు చేసేటప్పుడు కూడా ఒక విషయం గుండెలో పెట్టుకోండి: స్ట్రట్ నెత్తిన చుట్టూ 3 చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. చిన్నవి ఛాసిస్‌కు పట్టుకున్నవి, వాటినే విప్పాలి. మధ్య నట్టు స్ప్రింగ్‌ను పట్టుకుని ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు.

బండిని జాకీ మీద కాకుండా ఛాసిస్ కింద గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి గాలిలో ఉండాలి. ముందు చక్రాలు రెండింటినీ కలిపే స్వే బార్ లింకులు రెండు వైపులా విప్పితేనే ఆ బార్ అడ్డు తన్నకుండా ఉంటుంది, ఒకవైపే విప్పితే పనంతా కుస్తీ అవుతుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే తీసేయండి. అప్పర్ బాల్ జాయింట్ విప్పగానే చక్రం పట్టుకునే దిమ్మ మొత్తం బయటికి వాలిపోతుంది. దాని కింద జాకీ ఆనించకపోతే బరువంతా బ్రేకు గొట్టం మీద, వైరు మీద పడుతుంది, లోపలి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ ఊడివచ్చే అవకాశం కూడా ఉంది. బాల్ జాయింట్‌ను సుత్తితో బాది కాకుండా పుల్లర్‌తో ఊడదీయండి, రబ్బరు చినగదు.

స్పేసర్ పెట్టి స్ట్రట్ ఎక్కించాక, చక్రం బిగించకముందే ఒక పరీక్ష చేయండి. ఆర్మ్‌ను పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. అప్పర్ ఆర్మ్‌కూ కాయిల్‌కూ మధ్య వేలు దూరేంత సందు ఉందా? స్టీరింగ్ ఇటు చివరికి, అటు చివరికి తిప్పినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా? హబ్‌ను చేత్తో తిప్పితే డ్రైవ్ షాఫ్ట్ ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తోందా? వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఆ మందం మీ బండికి ఎక్కువని అర్థం. డిఫరెన్షియల్‌ను కొంచెం కిందికి దించే ముక్కలు కొన్ని కిట్లలో వస్తాయి. కోణం కొద్దిగా తగ్గుతుంది నిజమే, కానీ వాటిని నమ్ముకుని ఇంకా ఎక్కువ లేపకండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి వదిలేయకండి. ఆర్ముల బోల్టులు, స్ట్రట్ కింది బోల్టు చక్రాలు గాలిలో ఉన్నప్పుడు ఫైనల్‌గా బిగించకూడదు. వాటిలో ఉండే రబ్బరు బుష్షులు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటాయి, కదిలినప్పుడు జారవు, మెలితిరుగుతాయి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది. కొన్నాళ్లకే చిరిగిపోతుంది, ఎత్తు కొలత కూడా తప్పుగా వస్తుంది. చేత్తో బిగించి, చక్రాలు వేసి, బండిని నేల మీదకు దించి, ముందుకూ వెనక్కూ కొంచెం దొర్లించి, బంపర్‌ను రెండు మూడు సార్లు నొక్కి సర్దుకోనిచ్చాక, అప్పుడు మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. వర్క్‌షాపులో చేయిస్తుంటే ఇది కళ్లారా చూడండి.

అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి. ఎత్తు మారితే టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) కోణం మారి టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పుతుంది. క్యాంబర్, అంటే చక్రం పై అంచు లోపలికో బయటికో వాలడం, మారుతుంది. చాలా బండ్లలో క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, కూడా తగ్గుతుంది. టో తప్పిన టైరు చూస్తుండగానే అరిగిపోతుంది. టైరు మీద అరచెయ్యి అడ్డంగా ఆడించి చూడండి, ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా తగిలితే అదే కారణం. క్యాస్టర్ తగ్గితే మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను నిటారుగా రాదు, వేగంలో బండి అటూ ఇటూ ఊగులాడుతుంది. అలైన్‌మెంట్ చేసేవాళ్లను ముందు, తర్వాత అంకెలున్న ప్రింటు అడగండి. "అన్నీ గ్రీన్‌లో ఉన్నాయి సార్" అనే మాటతో సరిపెట్టుకోవద్దు. క్యాస్టర్ రెండు వైపులా హద్దులో కింది అంచున ఉంటే, సర్దుబాటు బోల్టులు ఇంకా తిప్పడానికి వీలుందేమో చూడమనండి. అది చాలకపోతే అప్పుడు అప్పర్ ఆర్ముల గురించి ఆలోచించొచ్చు.

హెడ్‌లైట్ల సంగతి దాదాపు అందరూ మరిచిపోతారు, ఎదురుగా వచ్చేవాళ్లకు దానివల్లే ప్రమాదం. లెక్క చూడండి. చక్రాల మధ్య దూరం 3.2 మీటర్లున్న పికప్‌కు ముందు 5 సెంటీమీటర్లు లేపితే బండి దాదాపు 1.6 శాతం వెనక్కి వాలుతుంది. లో బీమ్‌ను మామూలుగా 10 మీటర్లకు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే 1 శాతం కిందికి పెడతారు. అంటే లేపిన తర్వాత సర్దకపోతే మీ లో బీమ్ పైకి చూస్తోంది, ఎదుటివాళ్ల కళ్లలోకి. పని మొదలుపెట్టే ముందే గోడకు ఎదురుగా చదునుగా నిలబెట్టి, వెలుగు పై అంచు ఎక్కడ పడుతోందో టేపు అంటించుకోండి. దూరం కూడా గుర్తు పెట్టుకోండి. పని అయ్యాక అదే చోట నిలబెట్టి లైటు వెనక స్క్రూతో దించండి. దీపం కూడా 5 సెంటీమీటర్లు పైకి జరిగింది కాబట్టి, వెలుగు అంచు కూడా పాత గుర్తు కన్నా అంతే పైన ఉంటే పాత వాలు వచ్చినట్టు. పెద్ద టైర్లు వేస్తే ఆ పెరిగిన ఎత్తు కూడా కలుపుకోండి. ట్రైలర్ తగిలించినప్పుడు లైటు దించుకునే చక్రం డాష్‌బోర్డులో ఉంటే వాడండి.

మీ బండిలో ముందు కెమెరా, రాడార్‌తో పనిచేసే ఆటోమేటిక్ బ్రేకు, లేన్ అసిస్ట్ లాంటివి ఉంటే వాటికి కూడా ఎత్తు మారిన తర్వాత క్యాలిబ్రేషన్ అవసరం. అవి కూడా ఇంతకుముందు చూసిన దానికన్నా పైకి చూస్తుంటాయి. వారంటీ, వాహన మార్పుల నిబంధనలు కూడా ముందే కనుక్కోండి.

వెనక ఇరుసుకూ కమాను కట్టకూ మధ్య ఉండే బ్లాకు తీసేసి వెనకనే దించొచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. లోడు మోసే బండికి అది వద్దు. వెనక ఇరుసుకు పైకి వెళ్లే చోటు తగ్గి, నిండు లోడుతో గుంతలో పడినప్పుడు ఛాసిస్‌కు నేరుగా దెబ్బ తగులుతుంది.

బిగించాక ఒక వంద కిలోమీటర్లు తిరిగి, ఆ బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి, హబ్ నుంచి మడ్‌గార్డ్ వరకు మళ్లీ కొలవండి. ఆ తర్వాత చెవి పెట్టి ఉండండి. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమంటే కిందికి చోటు చాలడం లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతున్నప్పుడు టికటికమంటే బయటి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, నేరుగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణుకు వస్తే లోపలి జాయింట్. ప్రతి ఆయిల్ మార్పుకూ రబ్బరు తొడుగుల మడతల్లో వేలు పెట్టి చూడండి. తడిగా గ్రీజు తగిలితే తొడుగు మార్పించి, స్పేసర్‌ను ఒక మెట్టు తక్కువ మందానిది వేయించండి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి.